రాత్రి ఎంత వేడో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నేను 33 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అందులో చివరి 14 ఏళ్లు క్యాజువాలిటీలోనే గడిచాయి. రోజూ పేపరు చదువుతాను గానీ పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మొన్న మీ మొదటి పేజీలో ఎండల వార్త పక్కన వేసిన ఫొటో చూశాక రాయకుండా ఉండలేకపోయాను. పిల్లలు నీళ్లలో దూకుతూ కేరింతలు కొడుతున్న ఫొటో అది. దాని పైన పెద్ద అక్షరాలతో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత. పిల్లలు హాయిగా ఆడుకుంటే సంతోషమే. కానీ ఎండలు అనగానే నా కళ్ల ముందుకు వచ్చేది ఆ బొమ్మ కాదు. రాత్రి పదకొండున్నరకు స్ట్రెచర్ మీద మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ.

ఆవిడకు 72 ఏళ్లు. మేడ మీద స్లాబు కింద ఒక్క గదిలో ఉంటారు. కొడుకు, కోడలు పట్టుకొచ్చారు. "సాయంత్రం నుంచి జ్వరం సిస్టర్, రెండు పారాసెటమాల్ వేశాం, తగ్గట్లేదు" అన్నాడు కొడుకు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కాగితంలా పొడిగా ఉంది, ఎక్కడా చెమట చుక్క లేదు. చంకలో డిజిటల్ థర్మామీటరు పెడితే అంకె రాలేదు. తెర మీద 'హెచ్' అనే అక్షరం వచ్చింది. తన కొలతకు మించిన వేడి ఉంటే ఆ థర్మామీటరు అలా చూపిస్తుంది. పాడైందేమోనని ఇంకోటి తెచ్చి పెట్టాను. అదీ అదే చూపించింది. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచారు గానీ నన్ను చూసి ఇంకెవరో అనుకుని మాట్లాడారు. తడి దుప్పట్లు కప్పి ఫ్యాన్లు పెట్టాం. మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాం. సెలైన్ ఎక్కించాం. తెల్లవారుజామున నాలుగింటికి పోయారు.

కేసు షీటులో గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల మరణం అని రాశారు. అది అబద్ధమేం కాదు, ఎవరు పోయినా చివరికి ఆగేవి ఆ రెండే. వడదెబ్బ అని రాయరా సార్ అని డ్యూటీ డాక్టర్ని అడిగాను. "రాత్రి పన్నెండింటికి ఎండ ఎక్కడుంది సిస్టర్?" అన్నారాయన. ఆయన మంచి మనిషి. ఆ రాత్రి ఒక్కడే అన్ని బెడ్ల మధ్యా పరుగెడుతున్నాడు. కానీ ఆ మాట నన్ను చాలా కాలం వదల్లేదు. పగలంతా కాగిన ఎండ ఆవిడ నెత్తి మీది స్లాబులోనే ఉంది. రాత్రంతా కింది గదిలోకి దిగుతూనే ఉంది.

ఆ కొడుకు పారాసెటమాల్ వేసిన విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. జ్వరం వేరు, వడదెబ్బ వేరు. జ్వరంలో మెదడే వేడిని పెంచుతుంది. మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉండే ముల్లును అదే పైకి జరుపుతుంది. పారాసెటమాల్ ఆ ముల్లును మళ్లీ కిందికి దించుతుంది. వడదెబ్బలో ముల్లు జరగలేదు. వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి ఒళ్లు 40 డిగ్రీలు దాటిపోతుంది. దానికి ఆ మాత్ర పనిచేయదు, పైగా అప్పటికే అలసిన కాలేయానికి భారం. మనిషి మాట తడబడుతున్నా, తూలుతున్నా, స్పృహ తప్పుతున్నా అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేలోపే చల్లబరచడం మొదలుపెట్టాలి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గట్టిగా గాలి తగలనివ్వాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటి అరగంట చాలా విలువైనది. ఆ ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఆ మాత్ర ఎప్పుడు పనిచేస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత నేనో నోటు పుస్తకం పెట్టుకున్నాను. పేషెంట్ల పేర్లు రాసేదాన్ని కాదు. ఎన్నింటికి వచ్చారు, ఏ అంతస్తులో ఉంటారు, ఒంటరిగానా, చర్మం పొడిగా ఉందా తడిగా ఉందా, థర్మామీటరు ఎంత చూపింది, ముందు రోజు రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంత, ఇవి మాత్రం రాసుకునేదాన్ని. కొన్ని వేసవులు గడిచాక నాకు కనిపించినది ఇది: మీ పేపర్లో పెద్ద అంకె వచ్చిన రోజున మా వార్డు నిండేది కాదు. వరుసగా రెండు మూడు రాత్రులు చల్లబడకుండా ఉంటే నిండేది. వచ్చేవాళ్లు కూడా ఎండ దెబ్బ తగిలిందని చెప్పుకుంటూ రారు. గుండె దడ అనో, ఆయాసం అనో, కాలూ చెయ్యీ లాగేస్తున్నాయనో, పొద్దున్నుంచి మూత్రం రాలేదనో వస్తారు.

దీని లోపలి సంగతి వైద్యం చదివినవాళ్లందరికీ తెలిసిందే. వేడిని బయటికి పంపడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ పడిపోతుంది, గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. చెమటతో నీరు, ఉప్పు పోయి రక్తం చిక్కబడుతుంది. పెద్దవయసులో దాహం సరిగా తెలియదు. బీపీకి, గుండెకు వాడే నీటి మాత్రలు ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు చెమటనే తగ్గిస్తాయి. ఇన్సులిన్ వేడికి పాడవుతుంది. గర్భిణులకు నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం వేడి రోజుల్లో పెరుగుతుంది. పగలు ఇంత కష్టపడ్డ శరీరానికి రాత్రి చల్లబడితేనే తేరుకునే అవకాశం. ఆ రాత్రే లేకపోతే నిన్నటి అలసట మీద ఇవాళ్టిది పడుతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకుంటారేమో. 2003 వేసవిలో యూరప్‌లో వచ్చిన వడగాలులకు 70,000 మందికి పైగా చనిపోయారని తర్వాత లెక్కలు తేల్చాయి. ఆ రోజుల్లో పారిస్‌లో ఒక రాత్రి కనిష్ఠమే 25.5 డిగ్రీలు. పోయినవాళ్లలో పైకప్పు కింది గదుల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎంతోమంది. ఆ సంగతి చదివినప్పుడు మా పెద్దావిడ గదే గుర్తొచ్చింది. 2021 జూన్ చివర కెనడాలో, చలి దేశమనుకునే చోట, లిట్టన్ అనే ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. మర్నాడు మంటలు ఆ ఊరిని చాలావరకు కాల్చేశాయి. ఆ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వారం రోజుల్లో 619 మంది వేడికి చనిపోయారని మరణ విచారణాధికారులు తేల్చారు. వాళ్లలో 98 శాతం మంది పోయింది ఇంటి లోపలే. ఎండలో బయట తిరగకండి అని మనం ఇచ్చే సలహా ఒక్కటే సరిపోదని ఆ అంకె చూస్తే అర్థమవుతుంది. 2010 మేలో అహ్మదాబాద్‌లో మామూలు మే నెలల కన్నా 1,344 మరణాలు ఎక్కువ జరిగాయి. ఒక్కొక్క కేసు షీటు తిప్పితే అక్కడ ఎండ కనిపించదు. మొత్తం మరణాలను ముందటి ఏళ్లతో పక్కపక్కన పెడితేనే బయటపడింది. ఆ లెక్క వల్లే 2013లో అక్కడ వేడికి ముందస్తు హెచ్చరికల ప్రణాళిక మొదలైంది, ఆ తర్వాత ఎన్నో నగరాలు దాన్ని అనుసరించాయి. లెక్క రాస్తే ఏమొస్తుంది అని నన్ను చాలామంది అడిగారు. ఇదిగో, ఇది వస్తుంది.

తేమ గురించి కూడా చెప్పాలి. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుందంతే. అందుకే శాస్త్రవేత్తలు థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచి కొలుస్తారు. నాకిది చాలా నచ్చిన కొలత, ఎందుకంటే ఆ తడిగుడ్డ చుట్టిన బుడ్డే చెమట పట్టిన మనిషి. ఆ తడి కొలత 35 డిగ్రీలకు చేరితే, నీడలో బట్టలు వదులు చేసుకుని నీళ్లు తాగుతూ కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో ఒక పరిశోధనలో అంచనా వేశారు. తర్వాత వయసులో ఉన్న ఆరోగ్యవంతుల్ని వేడి గదుల్లో ఉంచి చూస్తే, తేమ ఎక్కువున్నప్పుడు 31 దగ్గరే వాళ్ల ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది.

ఇప్పుడు మీ వాతావరణం డబ్బాకు వద్దాం. 45 డిగ్రీలు, తేమ 15 శాతం ఉన్న రోజున తడి కొలత 24 దగ్గర ఉంటుంది. 38 డిగ్రీలు, తేమ 60 శాతం ఉన్న రోజున అది 31 దాటుతుంది. మీరు మొదటి రోజున మొదటి పేజీలో వేస్తారు. రెండో రోజున "ఎండలు కాస్త తగ్గాయి, ఉక్కపోత" అని లోపలి పేజీలో నాలుగు లైన్లు రాస్తారు. 45 డిగ్రీలు తేలికైనదని నేననడం లేదు, ఆ ఎండలో ఒంట్లో నీరు ఎంత వేగంగా పోతుందో చూసినదాన్ని. 40 దాటితే ఒట్టి ఫ్యాన్ గాలి కూడా వేడినే ఒంటికి తోలుతుంది, ఒళ్లు తడిపి ఉంటేనే దానివల్ల ఉపయోగం. కానీ ఆ ఉక్కపోత రోజును కాస్త తగ్గిన రోజు అని రాస్తే, చదివినవాళ్లు ఆ రోజే పెద్దవాళ్లను చూడటం మానేసి పనుల్లో పడతారు.

భూమికి జ్వరం వచ్చింది అని వ్యాసాల్లో రాస్తుంటారు. నర్సుగా నాకు ఆ పోలిక సరిగ్గా అనిపించదు. జ్వరమైతే ఒళ్లు తన అవసరానికి తానే తెచ్చుకుంటుంది, తానే దించుకుంటుంది. ఇక్కడ బయటి నుంచి దుప్పటి కప్పింది మనం. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ రెండు గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి, ఒకదాంట్లో మామూలు గాలి, ఇంకోదాంట్లో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ నింపి ఎండలో ఉంచారు. రెండోది ఎక్కువ వేడెక్కింది. ఎండలోంచి తీశాక చల్లారడానికి ఎన్నో రెట్లు ఎక్కువసేపు పట్టింది. ఆ చల్లారకపోవడం గురించి చదివినప్పుడు నేను పేజీ అక్కడే ఆపి కాసేపు కూర్చున్నాను. మా వార్డు రాత్రుల సంగతి ఆవిడ నూట అరవై ఏళ్లకు పైగా కిందటే రెండు గొట్టాల్లో చూశారు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాస్ కాల్చడమే దానికి ప్రధాన కారణం. ప్రపంచంలో చాలా చోట్ల పగటికన్నా రాత్రి ఉష్ణోగ్రతలే ఎక్కువ వేగంగా పెరిగాయి. 2015 పారిస్ ఒప్పందంలో దాటకూడదని ప్రయత్నిద్దామనుకున్న గీత, పారిశ్రామిక విప్లవానికి ముందున్న స్థితికి 1.5 డిగ్రీలు ఎక్కువ. 2024లో ఆ ఏడాది సగటు ఆ గీత దగ్గరకు చేరి, కాస్త దాటింది కూడా. ఆ ఒప్పందం చూసేది అనేక ఏళ్ల సగటును కాబట్టి ఒక్క ఏడాదితో అది తప్పిపోయినట్టు కాదు. కానీ రోజులు దగ్గరపడ్డాయి.

మనుషుల సంగతే చెబుతున్నాను గానీ, 2018 నవంబరులో ఆస్ట్రేలియా ఈశాన్యంలో జరిగింది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. కళ్ల చుట్టూ లేత రంగు వలయాలుండే పెద్ద గబ్బిలాలు, దాదాపు 23,000, వేడికి రెండు రోజుల్లో చెట్ల మీంచి రాలిపడి చచ్చిపోయాయి. ఆ దేశంలో ఆ జాతి మొత్తంలో ఇంచుమించు మూడో వంతు. 42 డిగ్రీలు దాటితే అవి తట్టుకోలేవు. చనిపోయే ముందు అవేం చేస్తాయో తెలుసా? రెక్కలతో విసురుకుంటాయి. ఒంటికి ఉమ్మి పూసుకుంటాయి. మేం ఆ పెద్దావిడకు తడి దుప్పటి కప్పి ఫ్యాన్ పెట్టినట్టే. అడవిలో ఎన్నో చెట్లకు పరాగ సంపర్కం చేసేవి అవే, కాబట్టి ఆ నష్టం వాటితో ఆగదు. సముద్రాలైతే మనం పెంచిన వేడిలో 90 శాతానికి పైగా మింగుతున్నాయి, పగడపు దిబ్బలు తెల్లబడి చచ్చిపోతున్నాయి. దోమల సంగతీ అంతే. డెంగీ వైరస్ దోమ ఒంట్లో పెరిగి కుట్టడానికి సిద్ధమయ్యే రోజులు, వేడి ఒక హద్దు దాకా పెరిగేకొద్దీ తగ్గుతాయి. 2024లో ప్రపంచమంతా కలిపి కోటీ నలభై లక్షలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. దానికి వేడి ఒక్కటే కారణం కాదు, కానీ అదీ ఒక కారణం.

ఇంకో పేషెంటు గురించి చెప్పి ముగిస్తాను. 26 ఏళ్ల కుర్రాడు, భవనాల సెంట్రింగ్ పని. మధ్యాహ్నం పని మీదే పడిపోయాడు. అతని ఒళ్లు పొడిగా లేదు, చెమటతో తడిసి ముద్దయి ఉంది. కష్టపడి పనిచేసేవాళ్లకు వడదెబ్బ ఇలా చెమటతోనే వస్తుంది, చెమట పడుతోంది కదా అని చాలామంది మోసపోతారు. తోటివాళ్లు అక్కడే రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి తీసుకొచ్చారు. ఆ బకెట్లే అతన్ని బతికించాయి. కానీ రక్తంలో క్రియాటినిన్ ఎక్కువగా ఉంది, అంటే కిడ్నీలు దెబ్బతిన్న గుర్తు, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చింది. మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు, పనికి వెళ్లొచ్చా సిస్టర్ అని అడగడానికి. ఎండ తగ్గాక చేసుకో నాన్నా అన్నాను. "ఎండ తగ్గాక పని ఎవరిస్తారు సిస్టర్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సెంట్రల్ అమెరికాలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు తోటల్లో పనిచేసే వయసు కుర్రాళ్లకు షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడై వేల మంది పోయారని తర్వాత తెలుసుకున్నాను. వేడిలో రోజూ నీరు ఇంకిపోయేదాకా పనిచేయడమే ముఖ్య కారణమని అక్కడి వైద్యులు గట్టిగా అనుమానిస్తున్నారు. అక్కడే ఒక చోట పనివాళ్లకు నీడ, నీళ్లు, గంట గంటకూ విరామం కచ్చితంగా ఇస్తే కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. ఇంత చిన్న పనులు. పని సమయాలు తెల్లవారుజాముకు మార్చడం, మధ్యాహ్నం విరామానికి కూలి కోయకపోవడం చట్టంలో ఉండాలి, మేస్త్రీ దయ మీద ఆధారపడి ఉండకూడదు.

మీ నుంచి నేను కోరేవి నాలుగు. వాతావరణం డబ్బాలో గరిష్ఠం పక్కనే, అదే సైజు అక్షరాలతో రాత్రి కనిష్ఠం, గాలిలో తేమ వేయండి. వరుసగా రెండు రాత్రులు చల్లబడకపోతే ఆ సంగతి మొదటి పేజీలో చెప్పండి, పై అంతస్తుల్లో ఒంటరిగా ఉన్నవాళ్లను రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూసి రమ్మని రాయండి. వేసవి వచ్చాక, వడదెబ్బకు పారాసెటమాల్ పనిచేయదు, నీళ్లతో తడిపి గాలి తగలనివ్వండి అన్న రెండు ముక్కలు రోజూ ఒకే చోట వేయండి, కళ్లు మూసుకున్నా గుర్తొచ్చేంతగా. నాలుగోది, వేసవి అయ్యాక వడదెబ్బ మృతులు ఇంతమంది అని ఆఫీసు ఇచ్చిన అంకెతో ఆగకుండా, ఆ నెలల్లో మొత్తం మరణాలు ఎన్ని, ముందటి ఏళ్లలో ఎన్ని అని మీ విలేకరులను అడగమనండి.

నా నోటు పుస్తకాలు మూడున్నాయి. వాటిలో ఎవరి పేరూ లేదు, ఎవరినీ గుర్తుపట్టే వివరం లేదు. మీకు పనికొస్తాయంటే తెచ్చిస్తాను. మొదటి పుస్తకం మొదటి పేజీలో ఆ పెద్దావిడ ఉంటారు: రాత్రి 11.30, పై అంతస్తు, చర్మం పొడి, థర్మామీటరు హెచ్. ముందు రోజు రాత్రి కనిష్ఠం అన్న చోట ఖాళీగా ఉంటుంది. ఆ రోజు పేపర్లో వెతికాను, వేయలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు